గుప్తదానం సరే, గుప్త లెక్కల సంగతేంది?

కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదు, గుప్తదానం గొప్పది అని పెద్దలు చెప్పినారు. ఈ ముక్క అందరం విన్నాం గానీ అక్షరం పొల్లు పోకుండా పాటిస్తా ఉండేది మా తిరుపతిలో ఒక సేవా సంస్థ అధ్యక్షుల వారు ఒక్కరే, ఎందుకంటే సంస్థకి వచ్చిన విరాళం సంగతి ఆయన ట్రెజరర్‌కి కూడా తెలియనివ్వడు. ఇంత పుణ్యాత్ముడి మీద ఈమధ్య కొంతమంది "లెక్కలు చూపించు సామీ" అని గోల మొదలుపెట్టినారు. సత్యం గెలవాలి కాబట్టి ఆయన తరఫున నాలుగు మాటలు రాయడం నా ధర్మం అనిపించింది.

ముందు సంస్థ గురించి చెప్పాలి. పెద్దాసుపత్రి బయట పేషెంట్ల వెంబడి వచ్చినోళ్ళకి పొద్దున్నే ఉప్మా పెడతారు, ఆదివారాలు అలిపిరి మెట్ల దారిలో ప్లాస్టిక్ ఏరతారు, రాత్రి ఎవరికన్నా రక్తం కావాలంటే ఫోన్లు చేసి మనిషిని పట్టుకొస్తారు. నిజంగా మంచి పనులే, ఇందులో ఎగతాళి ఏం లేదు. ఈ పనులు చేసేది ఒక పదీ పదిహేను మంది పిల్లోళ్ళు, ఇద్దరు రిటైరైన టీచరమ్మలు. వీళ్ళని వాలంటీర్లు అంటారు. మిగతా వాళ్ళకి పదవులుండాయి. అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, వర్కింగ్ ప్రెసిడెంటు, ఉపాధ్యక్షులు, ప్రధాన సలహాదారు, ముఖ్య సలహాదారు (ఈ ఇద్దరికీ తేడా అడిగితే ఇద్దరూ అలుగుతారు). బ్యానర్ మీద పదవుల వాళ్ళ ఫోటోలు వేసినాక ఉప్మా గిన్నె ఫోటోకి చోటు మిగల్లేదు, అది ప్రింటింగ్ వాడి తప్పు.

గొడవ యాడ మొదలైందంటే, ఒక వాలంటీర్ పిల్లోడు గ్రూపులో "అన్నా, గ్యాస్ సిలిండర్‌కి మేమే చందాలేసుకుంటా ఉండాం, మరి విరాళాలు ఎంతొచ్చినాయి, యాడికి పోయినాయి" అని అడిగినాడు, చివర దండం బొమ్మ కూడా పెట్టినాడు, అంత మర్యాదగా. అయిదు నిమిషాల్లో గ్రూపు సెట్టింగ్ మారిపోయింది, ఇంక అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టాలి. అడ్మిన్ ఎవరంటారా, అధ్యక్షుల వారు, ఆయన బామ్మర్ది. ఆ పైన ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, సేవలో లెక్కలేందబ్బా, లెక్కలడిగేవాడు సేవకుడెట్లయితాడు, నేను నా సొంత కారు డీజిలు ఎంత పోసినానో ఎవురికన్నా చెప్పినానా అని. నిజమే, చెప్పలేదు, బిల్లు పెట్టినాడంతే.

కొందరు చట్టం ఎత్తుతా ఉండారు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 అని ఒకటుందంట. ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు, ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, అది అయిన 15 రోజుల్లోపు కమిటీ పేర్లు రిజిస్ట్రార్‌కి పంపాలి, సభ్యుల మధ్య తగాదా వస్తే 23వ సెక్షన్ కింద ఆర్బిట్రేషన్‌కో జిల్లా కోర్టుకో పోవచ్చు. అధ్యక్షుల వారు చట్టాన్ని మీరలేదు. సమావేశం జరిగింది, వాళ్ళింట్లో, మనవరాలి బారసాల రోజు. కోరం కూడా ఉన్నింది, అందరూ పాయసం తాగతా చేతులెత్తినారు.

ఇంకొకాయన ఏకంగా కొండ మీదికే పోయినాడు. శ్రీనివాసుడు పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు తీసుకున్నప్పుడు పత్రం రాసిచ్చినాడు, బ్రహ్మ, శివుడు సాక్షులు, సాక్షాత్తూ దేవుడే కాగితం రాస్తే నీకేం రోగం అని వాదన. దీనికి అధ్యక్షుల వారి జవాబు నాకు బాగా నచ్చింది. స్వామివారు కాగితం రాసినందుకే కదా ఇప్పటికీ వడ్డీ కడతా ఉండేది అన్నాడు. ఎవురూ నోరెత్తలేదు.

అయితే లెక్కల పుస్తకం ఒకసారి బయటపడింది, అదీ మేలో, తాతయ్యగుంట గంగమ్మ జాతర టైములోనే. ఆ జాతర కథలో ఆడోళ్ళని ఏడిపించి దాక్కున్న పాలెగాడి కోసం అమ్మవారు రోజుకో వేషం కట్టి వెతికి, ఆఖరికి దొర వేషంలో వస్తే గానీ వాడు బయటికి రాలేదు కదా, ఈ పుస్తకం కూడా అట్నే. వాలంటీర్లు అడిగితే రాలేదు, టీచరమ్మలు అడిగితే రాలేదు, బెంగళూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ దొర ఫోన్ చేసి "నా విరాళానికి ఇన్‌కం టాక్స్‌లో 80జీ కింద మినహాయింపు కావాలి, మే 31 లోపు మీరు టాక్స్ వాళ్ళకి విరాళాల లెక్క 10బీడీ ఫారంలో ఫైల్ చేస్తే గానీ నాకు విరాళమిచ్చినట్టు 10బీఈ సర్టిఫికెట్ రాదు" అన్నాడు (ఆ బాబు ఇంకా ఈ మినహాయింపు దొరికే పాత పన్ను విధానంలోనే ఉండాడు పాపం). పుస్తకం పరిగెత్తుకుంటా వచ్చింది. అందులో శాలువాలకి ఒక పేజీ, సన్మానాలకి రెండు పేజీలు, ఉప్మారవ్వకి ఒక లైను ఉందని చూసినోళ్ళు చెప్పుకున్నారు. దొరకి సర్టిఫికెట్ పోయింది, పుస్తకం మళ్ళీ బీరువాలోకి పోయింది.

ఇదంతా చూసి వర్కింగ్ ప్రెసిడెంటు గారికి మనస్సాక్షి లేచింది. ఆయన పోయిన ఎన్నికలో అధ్యక్ష పదవికి అడిగి రాక ఊరుకున్నాయన, ఆ విషయం దీనికి సంబంధం లేదని ఆయనే మూడుసార్లు చెప్పినాడు. "పారదర్శక వేదిక" అని వేరే గ్రూపు పెట్టినాడు. సంస్థ పుట్టినప్పటినుంచీ లెక్కలు తియ్యాలని ఆయన డిమాండు, తాను ట్రెజరర్‌గా ఉన్న మూడేళ్ళు తప్ప, ఎందుకంటే ఆ రిజిస్టర్లు వానకి తడిసిపోయినాయి. వేదికలో ఎవరెవరున్నారని అడిగితే భద్రతా కారణాల వల్ల చెప్పలేం అన్నాడు.

ఇప్పుడు ఆసుపత్రి బయట రెండు బ్యానర్లు, రెండు గిన్నెలు. ఒక పక్క ఉప్మా, ఇంకో పక్క పొంగలి, రెండిట్లోనూ గరిటె తిప్పేది ఆ పాత పిల్లోళ్ళే, అటు ఆరింటికి, ఇటు ఏడింటికి. పేషెంట్ల బంధువులకి మాత్రం ఈ చీలిక చాలా బాగుంది, ఇంకొక వర్గం పుడితే ఇడ్లీ కూడా వస్తుందేమోనని ఎదురుచూస్తా ఉండారు.

పోయిన వారం పెద్దమనుషులు రాజీకి కూర్చోబెట్టినారు. బ్యాంకు సంతకం ఎవరిది, బ్యానర్ మీద ఎవరి ఫోటో పైన అనే రెండు విషయాలూ తేలలేదు. మూడో విషయంలో మాత్రం రెండు వర్గాలూ ఏకగ్రీవంగా తీర్మానం చేసినాయి, మొదట ఆ లెక్క అడిగిన పిల్లోడిని రెండు గ్రూపుల్లోంచీ తీసేసినారు. వాడికి ఈ సంగతి ఇంకా తెలీదు, పొద్దున ఫోన్ చూసే టైముకి ఉప్మా కలపతా ఉన్నాడు.