ఆ ప్రశ్నను నిషేధించాలి

లారీ స్టార్ట్ కానప్పుడు మెకానిక్కులు అడిగే ప్రశ్నల్లో ఒకదాన్ని వెంటనే చట్టం చేసి నిషేధించాలని ప్రభుత్వాన్ని ఇందుమూలంగా కోరుతున్నాను. ఏ ప్రశ్నో ఇప్పుడే చెప్పను. ముందే చెప్పేస్తే నా మీద లేనిపోని అనుమానాలు వస్తాయి. అవి ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిది.

నాకు లారీ ఉంది. ఒక్కటే ఉంది. ఒక్క లారీ ఉన్నవాణ్ణి ఓనరని పిలవాలో అప్పులవాడని పిలవాలో ఫైనాన్సువాళ్లకి బాగా తెలుసు. ఉండేది చెన్నై మాధవరంలో, ఊరు నెల్లూరు వైపు. పోయిన నెలలో ఒకరోజు మా బండి గూడూరులో తొమ్మిది టన్నుల నిమ్మకాయలు ఎత్తుకుని కోయంబేడు మార్కెట్టుకి బయల్దేరింది. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి దాటి రెడ్ హిల్స్ దాకా ఏ పేచీ పెట్టకుండా వచ్చింది. అక్కడ డ్రైవర్ టీ తాగి సీట్లోనే ఓ ముప్పావుగంట కునుకు తీశాడు. లేచి తాళం తిప్పాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి నాకు ఫోను.

"సార్, సెల్ఫ్ బాగానే కొడుతోంది. బండి అందుకోవట్లా."

లారీలతో సంబంధం లేని అదృష్టవంతుల కోసం చిన్న వివరణ. తాళం తిప్పితే బండి చప్పుడే చెయ్యకపోవడం ఒక జబ్బు. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, వైరింగు, వీటిలో ఎక్కడో ఒకచోట దొంగ దొరికిపోతాడు. సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోవడం వేరే జబ్బు. స్కూలుకి లేపితే దుప్పట్లోంచే "ఊ, ఊ" అంటూ కాలు కింద పెట్టని పిల్లాడి బాపతు. డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్లో గాలిని పదహారో పదిహేడో వంతుకి నలిపేస్తే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. కాబట్టి ఇంజన్ లేవాలంటే తగినంత వేగంగా తిరగాలి, గాలి నలగాలి, వేళకి డీజిల్ రావాలి. మూడే గదా అనుకుంటాం. ఆ పొద్దున రెడ్ హిల్స్ టీకొట్టు దగ్గర ఈ మూడిటికీ పదకొండు కారణాలు పుట్టాయి.

నేను స్కూటర్ మీద వెళ్లేసరికే మొదటి రోగనిర్ధారణ అయిపోయింది. అది టీకొట్టాయనది. దిష్టి. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించమన్నాడు. "బండి కదిలితే గదా తొక్కేది" అన్నాడు మా క్లీనర్. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదని వాణ్ణి మందలించాను. వెనక డబుల్ టైర్లకి ఒక్కో నిమ్మకాయ చాలా, రెండేసి పెట్టాలా అన్న దాని మీద పది నిమిషాలు చర్చ జరిగింది. ఒక్కోటి చాలని తేలింది. బండిలో తొమ్మిది టన్నులున్నాయి గానీ అది పార్టీ సరుకు, పైగా టార్పాలిన్ తాళ్లు విప్పాలి. అందుకని టీకొట్టులోనే కాయ పది రూపాయల చొప్పున నాలుగు కొన్నాను. తొమ్మిది టన్నుల నిమ్మకాయలు కాపలా కాస్తున్నా ఒక బండికి దిష్టి తగిలిందంటే అది మామూలు కళ్ల పని కాదని నాకూ అనిపించింది.

తర్వాత పక్కనున్న బ్యాటరీ షాపాయన వచ్చాడు. బండి వైపు చూడకుండానే "బ్యాటరీ వీక్" అన్నాడు. సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది, లైట్లు మసకబారట్లేదు అని డ్రైవర్ వాదించాడు. ఇది 24 వోల్టుల బండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 19కి పైన నిలబడితే బ్యాటరీలని అనుమానించే పనిలేదు. ఆయన మీటరే పెట్టి చూస్తే 21 చూపించింది. ఆయన నొచ్చుకోలేదు, వెళ్లిపోనూ లేదు. స్టూలు తెచ్చుకుని మా ముందే కూర్చున్నాడు. ఆ నిశ్చింత దేనికో నాకు తర్వాత అర్థమైంది. సెల్ఫ్ ఒక దమ్ములో పది పదిహేను సెకన్లకి మించి కొట్టకూడదు. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు దానికి ఊపిరి ఇవ్వాలి, లేకపోతే మోటారు కాలుతుంది. కానీ అక్కడికి వచ్చినవాడల్లా "ఏదీ, ఒక్కసారి కొట్టు, వింటాను" అనేవాడు. కచేరీకి వచ్చినట్టే కళ్లు మూసుకుని వినేవాడు. కొందరు "ఇంకోసారి" అని కూడా అన్నారు. ఏడయ్యేసరికి సెల్ఫ్ గొంతు బొంగురుపోయింది, డ్యాష్‌బోర్డు దీపాలు మిణుకుమన్నాయి. నాలుగున్నరకి అబద్ధమైన మాట ఏడింటికి నిజమైంది. పెద్దమనిషి దూరదృష్టికి దణ్ణం పెట్టాను.

డీజిల్ పంపు షాపాయన ఎక్కువ మాట్లాడలేదు. "పంపు పోచ్చు" అన్నాడు, అరవంలో పోయిందని. దించాలి, బెంచి మీద పెట్టాలి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు కూడా పనిలో పనిగా చూసుకోవాలి. ఎంతవుతుందని అడిగితే ఒక అంకె చెప్పాడు. అది విన్నాక నేను కాసేపు లారీకి ఆనుకుని నిలబడ్డాను.

ఇంతలో స్కానర్ కుర్రాడు బైకు మీద దిగాడు. మాది కామన్ రైల్ బండి. ఇందులో డీజిల్ అంతా ఒక గొట్టంలోకి చేరి అక్కణ్ణుంచి నాజిళ్లకి పోతుంది. ఆ గొట్టంలో ప్రెషర్ బండిని బట్టి ఓ 200 బార్ అటూఇటూ రానిదే లోపలున్న కంప్యూటర్ నాజిళ్లని నోరు తెరవనివ్వదు. లారీ టైర్లో ఉండే గాలి 8 బార్, దానికి పాతిక రెట్లన్నమాట. కుర్రాడు వైరు తగిలించి, సెల్ఫ్ కొట్టించి, తెర నా వైపు తిప్పాడు. ప్రెషర్ 40 దగ్గర వేలాడుతోంది. "చూశారా సార్, ప్రెషర్ తక్కువ. సెన్సార్ మార్చేద్దాం" అన్నాడు. జ్వరం 103 ఉందని చూపించి థర్మామీటర్ మార్చేద్దాం అన్న డాక్టర్ని అంతకుముందు నేను చూడలేదు. అయినా తెర మీద కనిపించింది గాబట్టి నమ్మబుద్ధేసింది. తెర మీద కనిపించేది నమ్మడం ఈ మధ్య నాకు అలవాటైంది, ఆ సంగతి ముందు ముందు వస్తుంది. ప్రెషర్ సెన్సార్ కాదంటే ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సార్ మారుద్దాం అని రెండో బేరం పెట్టాడు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు లేస్తోంది, ఆ సెన్సార్ బతికే ఉందని డ్రైవర్ అడ్డుపడ్డాడు. తెలిసిన డ్రైవర్ని పెట్టుకుంటే ఇదే గొడవ, వ్యాపారం సాగనివ్వడు.

హైదరాబాదు నుంచి మా బావమరిది ఫోన్లో వైద్యం చేశాడు. గుడ్డకి పెట్రోలు తడిపి ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్టి కొట్టమన్నాడు. డ్రైవర్ నా చేతిలోంచి ఫోను తీసుకుని, "బావగారూ, పిస్టన్లు పగిలితే మీరొచ్చి ఏరతారా?" అని చాలా మర్యాదగా అడిగి కట్ చేశాడు.

ఈ రెండున్నర గంటల పరిశీలనలో నాకు ఒక సూత్రం తట్టింది. బండికి ఏ జబ్బు రావాలో నిర్ణయించేది ఇంజన్ కాదు, బండి ఏ షాపు ముందు ఆగిందన్నది. మాది బ్యాటరీ షాపుకీ పంపు షాపుకీ మధ్య ఆగింది కాబట్టి ఈ ఖర్చు వచ్చిపడింది. ఇంకో నలభై అడుగులు ముందుకెళ్లి పూలకొట్టు ముందు ఆగి ఉంటే రెండు మూరల మల్లెపూలతో పోయేది.

ఎండ ఎక్కింది. టార్పాలిన్ కింద నిమ్మకాయలు వేడెక్కి వాసన రావడం మొదలైంది. ఊరగాయ జాడీ మూత తీసినట్టు ఘాటుగా, కాస్త తియ్యగా. మార్కెట్టులో పార్టీ అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి "అన్నా" అనడం మానేశాడు.

అప్పుడు డ్రైవర్ తనకి తెలిసిన ముసలి మెకానిక్కుని పిలిపించాడు. కావలి ఊరి మనిషి, మాధవరంలో లారీలు విప్పీ బిగించీ వేళ్లు నల్లబడిపోయినవాడు. స్కానర్ లేదు, షాపు బోర్డు లేదు. బండి దగ్గరికి కూడా రాలేదు. సైలెన్సర్ వెనక నిలబడి, "కొట్టు నాయనా" అన్నాడు. డ్రైవర్ అయిదు సెకన్లు కొట్టాడు.

"పొగ లేదు" అన్నాడు.

అంతమందిలో ఎవరూ సైలెన్సర్ వైపు చూడనేలేదు. అందరం చెవులతోనే వైద్యం చేశాం. తెల్లపొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది గానీ మండట్లేదని అర్థమట. అసలు పొగే లేకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరనే లేదు. ఆ ఒక్క చూపుతో సగం షాపులు మూతపడ్డాయి. తర్వాత ఆయన ట్యాంకుకీ పంపుకీ మధ్య ఉండే ఫిల్టర్ దగ్గర కూర్చుని, చేతి పంపు కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు కొట్లకి బిగుసుకోవాల్సింది నలభై కొట్టినా మెత్తగానే ఉంది. పైనున్న స్క్రూ కొద్దిగా లూజు చేశాడు. డీజిల్ రాలేదు. నురగ వచ్చింది, గోలీసోడా పొంగినట్టు.

"ఎయిర్ పట్టింది" అన్నాడు. గాలిని నొక్కితే నలుగుతుంది, డీజిల్ నలగదు. గాలి కలిసిన డీజిల్‌ని పంపు ఎంత తోసినా ప్రెషర్ పుట్టదు. కుర్రాడి తెర మీద 40 అందుకే. అయితే డీజిల్ చుక్క కూడా కారట్లేదే, ఎక్కడ కన్నం పడిందని బ్యాటరీ షాపాయన స్టూలు మీంచి అడిగాడు. ముసలాయన వెనక్కి తిరక్కుండానే చెప్పాడు: అది పీల్చుకునే దారి. కొబ్బరిబోండంలో స్ట్రాకి కన్నం పడితే నీళ్లు బయటికి కారతాయా? కారవు, నోట్లోకి గాలొస్తుంది. బండి తిరిగినంతసేపూ పంపు ఆ కాస్త గాలినీ మింగేసి లాక్కొచ్చింది. ఆగిన ముప్పావుగంటలో గాలి తీరిగ్గా లోపలికి చేరి డీజిల్‌ని ట్యాంకులోకి జారవిడిచింది.

ఇక్కడిదాకా ఆ పెద్దాయన మీద నాకు అపారమైన గౌరవం ఉంది. సరిగ్గా ఇక్కడే ఆయన, చేతులు తుడుచుకుంటూ, ఆ ప్రశ్న అడిగాడు.

"దీని మీద చివరిసారి చెయ్యి పెట్టింది ఎవరు?"

డ్రైవర్ ఆకాశం వైపు చూశాడు. క్లీనర్ డ్రైవర్ వైపు చూశాడు. నేను పార్టీకి ఫోన్ చెయ్యాలని గుర్తొచ్చి అటు నడవబోయాను.

జనం ముందు ఒక గృహస్థుణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా ఇది? దీనివల్ల కుటుంబాలు విడిపోతాయి. ఈ ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ అంతటివాడు, 1897లో దాన్ని నడిపించి చూపినవాడు, 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఆంట్వెర్ప్ నుంచి ఇంగ్లండ్ వెళ్తూ ఓడలోంచి మాయమైపోయాడు. కారణం ఏమిటని ఇప్పటికీ రకరకాలుగా రాస్తున్నారు. నాకైతే ఆ ఓడ ఇంజన్ గదిలో ఎవరో ఆయన్ని ఈ ప్రశ్న అడిగారనిపిస్తుంది.

"ఆదివారం ఓనరన్నే ఫిల్టర్ మార్చాడు" అన్నాడు క్లీనర్. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదని పొద్దున చెప్పి కూడా.

నిజమే, మార్చాను. మెకానిక్కుకి ఇచ్చే డబ్బులు ఎందుకు దండగ అని, ఫోన్లో ఒక వీడియో చూసి, నా చేతులతో మార్చాను. వీడియోలో మూడు నిమిషాలు పట్టింది, నాకు రెండు గంటలు. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని మీద రబ్బరు రింగు లేదని నేను గమనించాను కూడా. రింగు లేకుండా ఇన్నాళ్లు నడిపాడా పాపం అని డ్రైవర్ అజ్ఞానానికి జాలిపడ్డాను. కొత్త రింగుకి డీజిల్ రాసి, వీడియోలో చెప్పినట్టే బిగించాను. మర్నాడు బండి మామూలుకన్నా కాస్త ఎక్కువ సేపు సెల్ఫ్ తీసుకుందని డ్రైవర్ అంటే, కొత్త ఫిల్టర్ గదా, అలవాటు పడాలి అన్నాను.

ముసలాయన ఫిల్టర్ విప్పాడు. కొత్త రింగు దాంతోపాటు వచ్చింది. ఆయన తల వంచి పైన ఫిల్టర్ బిగించే హెడ్డులోకి చూసి, స్క్రూడ్రైవర్ మొనతో గాడిలోంచి ఒకదాన్ని మెల్లగా లాగాడు. నల్లగా, పలకబారి, చీమ కుట్టినట్టు అక్కడక్కడా చిట్లిన పాత రింగు. పాత ఫిల్టర్‌తో రాకుండా హెడ్డుకే అతుక్కుపోయి ఉంది. రింగు మీద రింగు పడి, రెండూ సరిగ్గా కూర్చోక గాలికి సందు ఇచ్చాయి. ఆయన దాన్ని ఒక్క మాట అనకుండా నా అరచేతిలో పెట్టాడు. నాలుగు మాటలు అన్నా బాగుండేది.

కొత్త రింగు మళ్లీ బిగించి, నురగ పోయి డీజిల్ పలచగా ధార కట్టేదాకా చేతి పంపు కొట్టి, స్క్రూ బిగించాడు. సెల్ఫ్ తిప్పే ఓపిక బండికి లేదు. బ్యాటరీ షాపాయన స్టూలు మీంచి లేచాడు. ఆయన బ్యాటరీలు తెచ్చి కేబుళ్లు తగిలించాడు, దానికి బాడుగ తీసుకున్నాడు. మూడో తిప్పుకి ఇంజన్ దగ్గి, వణికి, తెల్లగా ఓ పొగ వదిలి అందుకుంది. ముసలాయన మూడు వందలు తీసుకుని టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

చట్టం ముసాయిదాలో కొన్ని సడలింపులకి నేను సిద్ధమే. ఓనరు ఊళ్లో లేనప్పుడు అడగొచ్చు. క్లీనర్ లేనప్పుడు కూడా అడగొచ్చు.

డ్రైవర్ గేరు వేశాడు. నాలుగు చక్రాల కింద పొద్దున పెట్టిన నిమ్మకాయలు అలాగే ఉన్నాయి. బండి వాటిని చితక్కొట్టుకుంటూ కదిలి కోయంబేడు వైపు తిరిగింది. టీకొట్టాయన తారు మీది రసం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"చెప్పాను గదా సార్, దిష్టే."

"అవునండీ, దిష్టే" అన్నాను. పాత రింగు నా చొక్కా జేబులో ఉంది.