ఆ మొదటి వారం ఎవరి చేతిలో?

వాకపల్లి కేసులో విశాఖ ప్రత్యేక న్యాయస్థానం 2023 ఏప్రిల్ 6న 13 మంది పోలీసులను నిర్దోషులుగా ప్రకటించింది. జి.మాడుగుల మండలంలోని ఆ కొండ పల్లెకు మావోయిస్టుల కోసం కూంబింగ్‌కు (గాలింపుకు) వచ్చిన ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ బలగాలు తమపై సామూహిక అత్యాచారానికి పాల్పడ్డాయని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేసింది 2007 ఆగస్టులో. ఆరు నెలల్లో విచారణ ముగించాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పినా తీర్పు రావడానికి మరో అయిదేళ్లకు పైనే పట్టింది. దర్యాప్తు సరిగా సాగలేదని తీర్పు ఇచ్చిన విశాఖ కోర్టే తప్పుబట్టింది. బాధిత మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇప్పించమంది. శిక్ష లేదు, పరిహారం ఉంది! కేసు కోర్టు గుమ్మంలో ఓడిపోలేదు. ఘటన జరిగిన తొలి రోజుల్లోనే, ఎవరిమీద ఆరోపణ వచ్చిందో ఆ శాఖ చేతికే దర్యాప్తు వెళ్లినప్పుడే ఓడిపోయింది.

ఈ దేశంలో హక్కుల ఉల్లంఘనను నమోదు చేసే ఏర్పాటు లేకపోలేదు. 1993 చట్టంతో జాతీయ మానవ హక్కుల కమిషన్ వచ్చింది. కస్టడీ మరణాన్ని 24 గంటల్లో తెలపాలన్న నియమం ఉంది. ఎన్‌కౌంటర్ మరణాలపై ఏం చేయాలో చెబుతూ కమిషన్ 1997లో ముఖ్యమంత్రులందరికీ లేఖ రాసింది. దాని మూలం ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదే. 2014లో సుప్రీంకోర్టు మరింత వివరంగా మార్గదర్శకాలు ఇచ్చింది. లోటు కాగితంలో లేదు, ఆ కాగితం నింపే చేతిలో ఉంది. జాతీయ నేర గణాంకాలకూ ఆధారం పోలీసు స్టేషన్లలో నమోదైన కేసులే. స్టేషన్ గడప దాటని బాధ ఆ పట్టికల్లో కనిపించదు.

ఇక 1993 చట్టంలోని ఏడాది గడువు. ఘటన జరిగి సంవత్సరం దాటితే కమిషన్ విచారించడానికి లేదు. మన్యంలో భయం తగ్గి నోరు విప్పడానికే కొందరికి అంతకాలం పడుతుంది. పైగా రాష్ట్ర కమిషన్‌ను 2021లో కర్నూలులో పెట్టారు. పాడేరు కొండల మనిషి అక్కడికి వెళ్లాలంటే రాష్ట్రాన్ని అడ్డంగా దాటాలి.

హక్కుల మాట ఎత్తగానే ‘మరి మావోయిస్టులు చంపినప్పుడో?’ అని అడుగుతారు. అడగాల్సిందే. 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను కాల్చి చంపడం నిస్సందేహంగా హత్యే. ఆ చావులూ అదే రిజిస్టర్‌లోకి ఎక్కాలి. కానీ తేడా ఒకటుంది. ఆ కేసు దర్యాప్తు నిందితుల చేతికి పోలేదు. యూనిఫాం మీద ఆరోపణ వచ్చినప్పుడు మాత్రం పోతోంది.

జిల్లాకొక సెషన్స్ కోర్టును మానవ హక్కుల కోర్టుగా ప్రకటించే వీలు 1993 చట్టంలోనే ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో అది పేరుకు కాక నిజంగా పనిచేయాలి. ఫిర్యాదు అందిన రోజే వాంగ్మూలం, వైద్య పరీక్ష, నిందితులను బాధితులు గుర్తించే కవాతు పోలీసు శాఖతో సంబంధం లేని న్యాయాధికారి పర్యవేక్షణలో మొదలవ్వాలి. ఆదివాసీ భాషలు తెలిసిన దుబాసీని కోర్టే నియమించాలి. ఏడాది గడువును పార్లమెంటు సవరించాలి. వాకపల్లి పరిహారంలో ఎవరికి ఎంత, ఎప్పుడు అందిందో ప్రభుత్వం బహిరంగంగా చెప్పాలి.