చివరికి మిగిలినవాళ్ల మీదేనా పరీక్ష?

కొత్త క్యాన్సర్ చికిత్సను ఏ దశలో ఉన్న రోగుల మీద పరీక్షించాలని ఇద్దరి మధ్య జరిగే వాదన ఇది. ఇద్దరినీ నేనే కల్పించాను గానీ, వాళ్లు చెప్పే పరీక్షలూ వాటి లెక్కలూ నిజంగా జరిగినవే. శారద హైదరాబాద్‌లో క్యాన్సర్ డాక్టర్. ఆమె ఆడపడుచు వసుధ అమెరికాలో, రోగుల టి-కణాలను (జబ్బుతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలను) పెంచే ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. వసుధ బాబాయికి మూత్రాశయ క్యాన్సర్ కాలేయానికి పాకింది. నలభై ఏళ్లు బీడీలు కాల్చిన మనిషి. మూత్రంలో రక్తం పడినా నొప్పి లేదు కదా అని ఏడాది ఊరుకున్నాడు. (నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఫరవాలేదు.) మూత్రాశయం తీసేశారు, కీమో అయింది, ఇమ్యునోథెరపీ అయింది. సెలవుకి వచ్చిన వసుధను ఆయన అడిగాడు: "అమ్మాయ్, మీ ల్యాబ్‌లో నాకేమైనా చోటుందా?" వదినా ఆడపడుచుల మాట అక్కడ మొదలైంది.

వసుధ: గడ్డతో పోరాడే టి-కణాలు ఆ గడ్డలోనే ఉంటాయి వదినా. కాకపోతే అవి చాలవు, ఉన్నవి అలసిపోయి ఉంటాయి. గడ్డ ముక్క తీసి, అందులోంచి ఆ కణాలను రప్పించి, కోట్లకు కోట్లు పెంచి మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తాం. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఇది పనిచేయగలదని అమెరికా డాక్టర్ స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం 1988లోనే చూపింది. 2024 ఫిబ్రవరిలో లైఫిల్యూసెల్ పేరుతో ఆ జబ్బుకే అమెరికాలో అనుమతి వచ్చింది. మూత్రాశయ గడ్డల్లోంచి కూడా ఈ కణాలను పెంచవచ్చని టాంపాలోని మాఫిట్ క్యాన్సర్ సెంటర్ వాళ్లు 2018లో చూపించారు. మరి మనం ఈ పరీక్షను ఎవరి మీద చేస్తున్నాం? అన్ని మందులూ అయిపోయి, మంచం పట్టినవాళ్ల మీద. ఇంకా ముందే చేయాలంటాను.

శారద: 2023కి ముందైతే నీ మాటకు తలూపేదాన్ని. అప్పటిదాకా మా చేతిలో ఉన్నది ప్రధానంగా కీమోనే. ఆ ఏడాది అక్టోబర్‌లో మాడ్రిడ్‌లో జరిగిన క్యాన్సర్ డాక్టర్ల సభలో 886 మంది మీద జరిగిన ట్రయల్ ఫలితం చెప్పారు. ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ అనే రెండు మందులనూ కలిపి ఇస్తే సగం మంది 31.5 నెలలు దాటి బతికారు. కీమో తీసుకున్నవాళ్లలో అది 16.1 నెలలు. పదిమందిలో దాదాపు ముగ్గురికి స్కాన్‌లో జబ్బు కనబడకుండా పోయింది. ఇంత మంచి మందు దొరికే మనిషిని పక్కకు పిలిచి, ముందు మా ప్రయోగంలో చేరండి అనడానికి నాకు నోరు రాదు వసుధా.

వసుధ: దాన్ని కాదనలేదు. ముందు అదే ఇవ్వండి. అది పనిచేయడం మానగానే మాకు పంపండి. మీరేమో మూడో మందు, నాలుగో మందు అయ్యాక పంపుతారు. అప్పటికి రోగి రక్తంలోనూ గడ్డలోనూ కణాలు నీరసించిపోయి ఉంటాయి. పెంచడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో జబ్బు ఆగదు కదా. మేం కణాల సంచి సిద్ధం చేసేసరికి ఎక్కించుకునే ఓపిక మనిషికి ఉండదు. అలాంటివాళ్ల మీద పరీక్షించి ఫలితం అంతంతమాత్రం అంటే, తేలింది మందు బలహీనతా, మన ఆలస్యమా?

శారద: ఓపిక సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. మెలనోమా వాళ్లను చూసి మా రోగులను అంచనా వేయకు. మూత్రాశయ క్యాన్సర్ వచ్చేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు, పొగ తాగి గుండె, ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్లు. గడ్డ అడ్డుపడి ఒక కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు చాలామంది. దాదాపు సగం మందికి సిస్‌ప్లాటిన్ అనే ముఖ్యమైన కీమో మందే ఇవ్వలేం. మీ కణాలు ఎక్కించే ముందు ఏం ఇస్తారు? సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లూడారాబిన్ అనే కీమో మందులు. ఉన్న తెల్లకణాలన్నీ తుడిచిపెట్టుకుపోవాలి. ఆ ఫ్లూడారాబిన్ బయటికి పోవలసింది కిడ్నీల గుండానే. తర్వాత ఆ కణాలను ఉసిగొల్పడానికి ఇంటర్‌ల్యూకిన్-2 ఇస్తారు, బీపీ పడిపోతుంది. లైఫిల్యూసెల్ ట్రయల్స్‌లో 160 మందిలో 12 మంది చికిత్స వల్లే పోయారు. వాళ్లు మావాళ్ల కంటే గట్టివాళ్లు.

వసుధ: ఆ మాట నిజమే. ఆ పన్నెండు మందినీ నేను మరిచిపోలేదు. అదే మందు 73 మందికి ఇస్తే 23 మందికి గడ్డలు తగ్గాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాళ్లకు అప్పటికే వేరే మందులు పనిచేయడం మానేశాయి. అయినా మూత్రాశయ క్యాన్సర్ డాక్టర్లే ఇలా అంటే నాకు కష్టంగా ఉంటుంది. మీరు రోజూ వాడే బీసీజీ ఎలా వచ్చింది? మనందరి భుజం మీద మచ్చ వేసే ఆ క్షయ టీకానే కెనడాలో అల్వారో మొరాలెస్ మూత్రాశయంలోకి పంపి చూశాడు. 1976లో ఆయన రాసింది తొమ్మిది మంది గురించే. వాళ్లలో ఎవరూ ఒప్పుకోకపోతే, ఇవాళ మీ దగ్గర తొలిదశ రోగులకు ఏముండేది?

శారద: బీసీజీని గొట్టంతో మూత్రాశయంలో పోస్తాం, రెండు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. మీ కణం రక్తంలోకి వెళ్లాక వెనక్కి పిలవగలవా? 2010లో ప్రచురించిన కేసు నీకు నా కంటే బాగా తెలుసు. హెర్-2 అనే ప్రోటీన్ ఉన్న కణాలను వెతికి చంపేలా మార్చిన టి-కణాలను పెద్దపేగు క్యాన్సర్ ఉన్న ఒకరికి ఎక్కిస్తే, పావుగంటలో ఊపిరి ఆడలేదు. ఐదు రోజులకు పోయారు. ఊపిరితిత్తుల మీద ఉన్న కొద్దిపాటి హెర్-2ను ఆ కణాలు శత్రువనుకున్నాయి. మా రోగుల గడ్డల మీద కూడా హెర్-2 ఉంటుంది. 2013లో ఇంకొకటి. మేజ్-ఎ3 అనే ఇంకో క్యాన్సర్ ప్రోటీన్ కోసం తయారుచేసిన కణాలు గుండె కండరంలోని టైటిన్ అనే ప్రోటీన్ మీద పడ్డాయి. ఇద్దరు పోయారు.

వసుధ: ఆ రెండో కేసును మా ల్యాబ్‌లో ప్రతి కొత్తవాళ్లకూ చెబుతాం. మామూలుగా పెంచిన కణాల మీద ఆ ప్రమాదం బయటపడలేదు. కొట్టుకునే గుండెకణాలను తయారుచేసి వాటి మీద వదిలితే అప్పుడు కనబడింది. అందుకే ఇప్పుడు మనిషికి ఎక్కించే ముందు అలాంటి పరీక్షలూ చేస్తున్నారు. మొదటి రోగికీ రెండో రోగికీ మధ్య వారాల ఎడం ఉంచుతున్నారు. నేను చెబుతున్నవి జన్యువులు మార్చని కణాలు, రోగి గడ్డలో సహజంగా ఉన్నవి. భయం లేదనను, ఆ భయం వేరు, ఈ భయం వేరు అంటున్నాను.

శారద: సరే, ఎక్కించారు, ఇరవై మందిలో ఆరుగురికి తగ్గింది అనుకో. మరుసటి రోజు పేపర్లో "క్యాన్సర్‌కు కొత్త మందు" అని వస్తుంది. నా ఓపీ ముందు క్యూ కడతారు, పొలం అమ్మైనా కడతాం అంటారు. మూత్రాశయ క్యాన్సర్‌లోనే ఇలా దెబ్బతిన్నాం. అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుకు 2016లో, కీమో విఫలమైనవాళ్ల కోసం అమెరికాలో అనుమతి ఇచ్చారు, పోల్చడానికి ఇంకో గుంపు లేని ట్రయల్‌ను చూసి. తర్వాత 931 మంది మీద కీమోతో పోల్చారు. అనుకున్న మేలు తేలలేదు. 2021లో ఆ అనుమతి పోయింది. మధ్యలో ఐదేళ్లు.

వసుధ: ఈ ఒక్క మాటలో నేను పూర్తిగా మీ వైపే. కణచికిత్సలో పోల్చి చూడటం కుదరదు అనేవాళ్లకు డచ్చివాళ్లు జవాబు చెప్పారు. మెలనోమాలో 168 మందిని రెండు గుంపులు చేసి, సగం మందికి ఇపిలిముమాబ్ అనే మందు, సగం మందికి ఈ కణాలు ఇచ్చారు. జబ్బు ముదరకుండా ఆగిన కాలం మందు వైపు 3.1 నెలలు, కణాల వైపు 7.2 నెలలు. 2022లో వచ్చింది. మూత్రాశయంలోనూ అలాగే చేయాలి.

శారద: ఎక్కడ చేస్తారు? ఇక్కడ చేస్తే నేను మొదట అడిగేది, ఒప్పుకుంటున్నామని పెట్టే సంతకం గురించే. ఖమ్మం మర్చిపోయావా? 2009లో భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్లలో ఆడపిల్లలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాలు పరీక్షగా వేశారు. తర్వాత జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు, ఒప్పుకుంటాను. కానీ తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి మాత్రం తుడిచేస్తే పోదు. మందుల పరీక్షల మీద మన దేశంలో వచ్చిన 2019 నిబంధనల్లో పరిహారం, ఉచిత వైద్యం రాసి ఉన్నాయి. కాగితం చదవలేని మనిషికి అవి ఎలా చేరతాయి? 2024లో అనుమతి వచ్చినప్పుడు లైఫిల్యూసెల్ ధర 5,15,000 డాలర్లు. ఇక్కడివాళ్లు ఒళ్లు అప్పగించి నేర్పిన మందు రేపు ఇక్కడివాళ్లకే అందకపోతే?

వసుధ: దానికి దారి ముంబైలో ఉంది. ఐఐటీ, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్19 అనే టి-కణ చికిత్సకి 2023లో అనుమతి వచ్చింది. రక్త క్యాన్సర్‌కే, అయినా విదేశీ ధరలో దాదాపు పదో వంతు. ఇక్కడ పరీక్షించి ఇక్కడే తయారుచేస్తేనే అది కుదిరింది. సరే, ఒకటి అడుగుతాను. బాబాయికి మూత్రాశయం తీసినప్పుడు ఆ గడ్డ ఏం చేశారు?

శారద: చిన్నమామయ్యగారిదా? అందరిదీ చేసినట్టే. ఫార్మలిన్‌లో వేశారు. మైనం దిమ్మగా పాథాలజీ బీరువాలో ఉంది.

వసుధ: ఫార్మలిన్ తగిలితే ఒక్క కణం బతకదు వదినా. ఆ రోజు గోరంత ముక్క శుభ్రమైన చల్లటి ద్రవంలో ల్యాబ్‌కు పంపి ఉంటే, కణాలు పెంచి గడ్డకట్టించి దాచేవాళ్లం. కీమోకి ముందరి కణాలు. నేను ముందే అంటున్నది ముఖ్యంగా దీని గురించే.

శారద: ఆయన క్రియాటినిన్ 2.4, అంటే కిడ్నీలు సరిగ్గా పనిచేయడం లేదు. కాలేయం నుంచి ఇప్పుడు ముక్క తీసినా ఆ కీమోకి ఆయన ఆగలేరు. (కాసేపు ఏమీ అనలేదు.) దాచడానికి ఒప్పుకుంటాను. ఎక్కించే వేళ మాత్రం నీతో మళ్లీ పోట్లాడతాను. సంతకం కూడా ఆపరేషన్ ముందు రాత్రి టెన్షన్‌లో కాదు, వారం ముందు, తెలుగులో, ఇంటివాళ్లను కూర్చోబెట్టుకుని. మొదటి పేజీలో ఇలా ఉండాలి: "మీకు మేలు జరగకపోవచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. మొదట చేరినవాళ్ల నుంచి మేం మోతాదు నేర్చుకుంటాం. వద్దంటే మీ వైద్యం ఆగదు."

వసుధ: అలాగే రాయిస్తాను. ఒక్క అక్షరం తగ్గించను.

శారద: మరి చిన్నమామయ్యగారికి ఎవరు చెబుతారు, చోటు లేదని?

వసుధ: నేనే చెబుతాను వదినా. ఆయన అడిగింది నన్ను.