కంచరపాలెం నుంచి యూనివర్సిటీకి దారి

విశాఖపట్నం కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన కుర్రాడు రెండేళ్లపాటు ఇనుమును బిగించి పట్టే వైస్ ముందు నిలబడి ఆకురాయితో ఇనుప ముక్కను చదును చేస్తాడు. వెర్నియర్‌తో కొలుస్తాడు, డ్రాయింగ్ చదువుతాడు. అక్కడికి కొద్ది కిలోమీటర్లలోనే 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అయినా ఆ రెండేళ్ల కష్టం డిగ్రీ లెక్కలోకి రావడం అరుదు. డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఐటీఐ పిల్లలకు అంత తిన్నని దారి లేదు.

ఇటు డిగ్రీ పట్టా చేతికొచ్చినవాళ్ల బాధ వేరు. ఇంటర్వ్యూలో 'మెషీన్ మీద పని చేశావా?' అని అడిగితే నోట మాట రాదు.

1948లో 'జల ఉష' ఓడను కట్టి సముద్రంలోకి దింపిన ఊరు మనది. ఓడను కాగితం మీద గీసేవాళ్లూ రేకులు అతికించేవాళ్లూ ఒకే యార్డులో భుజం కలిపితేనే ఓడ తేలుతుంది. చదువుల్లో మాత్రం వాళ్లను చిన్నప్పుడే విడదీస్తున్నాం. 'మార్కులు రాకపోతే ఐటీఐలో పడేస్తా' అని ఇంట్లో మనమే బెదిరిస్తాం. అది విన్న పిల్లవాడు వెల్డింగ్ టార్చ్‌ని శిక్షగానే చూస్తాడు. ఈ మాట మానాల్సింది ముందు తల్లిదండ్రులమైన మనమే.

నిబంధనల కొరత లేదు. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. నేర్చుకున్న గంటలను చదువు లెక్కలో క్రెడిట్లుగా జమ చేసే విధానం 2023లో వచ్చింది. దాని ప్రకారం 1200 గంటల అభ్యాసానికి 40 క్రెడిట్లు. క్లాసులో కూర్చున్నా, లేత్ మెషీన్ ముందు నిలబడినా గంట గంటే. విశ్వవిద్యాలయం ఈ లెక్కను ఐటీఐ పిల్లలకు వర్తింపజేసి, వాళ్లకు తక్కువ పడిన గణితం, భాష ముందు నేర్పి డిగ్రీలో చేర్చుకోవాలని కోరుతున్నాం.

మన రాష్ట్రంలో డిగ్రీకి పెట్టిన 10 నెలల ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్ తెచ్చి ఫైల్లో పెట్టడంతో ముగియకూడదు. స్టీల్‌ప్లాంట్, షిప్‌యార్డ్, పరవాడ ఫార్మా యూనిట్లు ఒక సెమిస్టర్ మొత్తం స్టైపెండ్ ఇచ్చి పిల్లలను తీసుకోవాలి. చౌకగా దొరికిన కూలీలుగా కాదు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లుగా చూడాలి. చివర్లో మార్కులు వేసేటప్పుడు ప్రొఫెసర్ పక్కన, షాప్ ఫ్లోర్‌లో దగ్గరుండి నేర్పిన సీనియర్ వెల్డర్‌కీ కుర్చీ వేయాలి.