ఢిల్లీని చూసేయడం ఎలా?

ఢిల్లీ వెళ్లేవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు. అడగనివాళ్లకు నేనే ఇస్తుంటాను. పొద్దున ఏడింటికి టూరు బస్సెక్కి, చీకటి పడేలోపు ఎనిమిది వందల ఏళ్ల చరిత్రను ముగించుకుని వచ్చినవాణ్ని కాబట్టి ఆ మాత్రం అర్హత నాకుంది.

ముందుగా ఒక వ్యాకరణ విషయం. రాజధాని నగరాలను చూడకూడదు, చూసేయాలి. చూడటానికి టైమ్ పడుతుంది.

మొదటిది కుతుబ్ మీనార్. ఎత్తు దాదాపు 73 మీటర్లు. 1981లో లోపల తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయినప్పటి నుంచి సందర్శకులను మెట్లెక్కనివ్వడం లేదు. కాబట్టి కింది నుంచే ఏదో ఒకటి చేయాలి. జనం కనిపెట్టిన మార్గం, మీనార్ కొసను రెండు వేళ్లతో పట్టుకున్నట్టు ఫొటో దిగడం. మా బస్సులో ఒకాయన భార్య ఫొటో కోసం దాదాపు నేలమీద పడుకున్నాడు. "కొంచెం ఎడమకి జరుగు... వేలు దించు... అబ్బా, అంత కాదు, మీనార్ జారిపోయింది!" పదకొండో ఫొటోకి కొస వేళ్ల మధ్యకొచ్చింది. అప్పుడే గైడు ఈల వేశాడు. ఆవిడ ఒక్కసారైనా వెనక్కి తిరిగి మీనార్ వంక చూసిందా అంటే, లేదు. వీపు పెట్టి నిలబడితేనే కదా ఫొటో వచ్చేది.

ఆ ప్రాంగణంలోనే ఇనుప స్తంభం ఉంది. పదహారు వందల ఏళ్లుగా ఎండకీ వానకీ నిలబడి కూడా తుప్పుకు లొంగలేదు. ఇనుములోని ఫాస్ఫరస్ వల్ల ఏర్పడిన పలచటి పొర దాన్ని కాపాడుతోందని లోహ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ పొర వానకు ఆగింది కానీ మనకు ఆగలేదు. స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చుట్టి కలిపితే అదృష్టం పడుతుందని నమ్మి జనం దాన్ని వాటేసుకుంటూ పోయారు. చివరికి 1997లో చుట్టూ కంచె వేశారు. ఇప్పుడు అదృష్టవంతులంతా కంచె బయట నిలబడి సెల్ఫీ తీసుకోవాల్సిందే.

ఎర్రకోటలో మనకు అరగంట ఇస్తారు. షాజహాన్ కొలువుదీరిన దివాన్-ఎ-ఖాస్ చూడొచ్చు, నెమలి సింహాసనం మాత్రం ఉండదు. 1739లో ఇరాన్ రాజు నాదిర్ షా పట్టుకుపోయాడు. ఆ సమాచారం ఆలస్యంగా అందినవాళ్లు "సింహాసనం ఏ గదిలో అండీ?" అని గైడును అడగడం నేను విన్నాను. ఆ ప్రశ్న అడిగింది నేనే అన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

జంతర్ మంతర్ అంటే ధర్నా చేసే చోటు అని మన టీవీలు మనకు నేర్పాయి. నిజానికి అది జైపూర్ రాజు సవాయి జైసింగ్ 1724లో కట్టించిన ఖగోళ పరిశోధనశాల. అక్కడి భారీ నీడ గడియారం సూర్యుడి కదలికను బట్టి టైమ్ చెబుతుంది. పక్క రోడ్డు మీద టెంటు వేసుకుని కూర్చున్నవాళ్లకు మాత్రం ఎంత టైమ్ పడుతుందో ఏ గడియారమూ చెప్పదు.

హైదరాబాద్ హౌస్ పేరు చూసి మనదే కదా అని చొరవగా లోపలికి వెళ్లబోకండి. నిజాం కోసం లట్యెన్స్ డిజైన్ చేసిన ఆ భవనంలో ఇప్పుడు విదేశీ ప్రధానులకు విందులిస్తారు. హైదరాబాద్ వాళ్లకు గేటు చూపిస్తారు, బయటి నుంచి.

తుగ్లకాబాద్‌కు బస్సు వెళ్లదు. గియాసుద్దీన్ తుగ్లక్ కట్టించిన రాజధాని అది, కొన్నేళ్లకే పాడుబడింది. ఆయన కొడుకు మహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో ఏకంగా రాజధానినే దౌలతాబాద్‌కు మార్చి, మళ్లీ ఢిల్లీకే వచ్చాడు. అటూ ఇటూ తిరిగే రాజధానిని చూడటానికి తెలుగువాళ్లు టికెట్ కొనుక్కుని అంత దూరం వెళ్లాలా?

ఆ కొడుకే 1323లో, యువరాజుగా ఉన్నప్పుడు, ఓరుగల్లును పడగొట్టాడు. అక్కడ పట్టుబడి ఢిల్లీ చేరినవాళ్లలో కాకతీయుల కొలువులోని ఒక తెలుగువాడు ఉన్నాడు. గన్నమ నాయకుడని అంటారు. మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలానికి ఖాన్-ఎ-జహాన్ బిరుదుతో సామ్రాజ్యానికి వజీరు. చదవడం, రాయడం రాదని ఆనాటి చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. అయినా సుల్తాన్ యుద్ధాలకు వెళ్తే ఢిల్లీని నడిపింది ఈయనే. పేరు పక్కన 'తిలంగానీ' అన్న మాట చివరిదాకా పోలేదు. నిజాముద్దీన్ బస్తీ ఇళ్ల మధ్య ఇరుక్కుపోయిన ఆయన సమాధి, ఢిల్లీలో ఎనిమిది పలకలుగా కట్టిన మొదటి సమాధి అంటారు.

మా బస్సు హుమాయూన్ సమాధి దగ్గర ఆగినప్పుడు మక్బూల్ సమాధి గురించి గైడును అడిగాను. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరమే. అతను చేతిలోని కాగితం పైనుంచి కిందకి చూసి, మర్యాద కోసం వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"లిస్టులో లేదు సార్."

అప్పటికే ఆలస్యమైంది. లిస్టులో తరవాతది స్వెటర్ల షాపు. అక్కడ గంటన్నర ఇచ్చారు.