ఉమేష్ రెడ్డి ఉరి ఎందుకు ఆగింది?

మహిళలపై అత్యాచారాలు, హత్యలు చేసిన బి.ఎ. ఉమేష్ అలియాస్ ఉమేష్ రెడ్డి ఉరిశిక్షను 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు యావజ్జీవ ఖైదుగా మార్చినప్పుడు చాలామందికి కోపం వచ్చింది. ఇలాంటి వాడికి కూడా మానవ హక్కులా అన్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది కానీ గురి తప్పింది. కోర్టు అతని మీద జాలిపడలేదు. నేరం రుజువు కాలేదని అనలేదు, మారిన మనిషని మెచ్చుకోలేదు. ఉరి ఆగింది జైలు చేసిన పని వల్ల. పై కోర్టుల్లో విచారణ ఇంకా నడుస్తుండగానే అతన్ని ఏళ్ల తరబడి ఒంటరి గదిలో పెట్టారు. అలా పెట్టే అధికారం జైలుకు లేదు.

ఈ మనిషి చరిత్రను మొదటి నుంచి చూస్తే ప్రభుత్వ వ్యవస్థ అతని చుట్టూనే తిరిగినట్టు కనిపిస్తుంది. సొంత ఊరు కర్ణాటకలోని చిత్రదుర్గ ప్రాంతం. మొదట సీఆర్పీఎఫ్ జవాను. జమ్మూకశ్మీర్‌లో తాను కాపలా ఉన్న కమాండెంట్ ఇంట్లోనే ఆయన కుమార్తెపై అత్యాచారానికి ప్రయత్నించి పారిపోయి వచ్చాడన్నది అతని మీద ఉన్న తొలి ఆరోపణ. అలా వచ్చినవాడు 1996లో చిత్రదుర్గ జిల్లా సాయుధ రిజర్వు పోలీసు దళంలో చేరగలిగాడు. ఒక బలగం నుంచి పారిపోయిన మనిషి మరో బలగంలో చేరుతుంటే వెనకటి ఉద్యోగం సంగతి ఆరా తీసిన వారే లేరు. పోలీసు ఉద్యోగానికి అభ్యర్థి పూర్వాపరాలు విచారించడం మన దేశంలో కొత్త పద్ధతేమీ కాదు. ఊరికి వెళ్లి పెద్దమనుషులను అడిగి, స్టేషన్ రికార్డు తిరగేసి సంతకం పెడతారు. ఆ సంతకం ఎంత తేలిగ్గా పడుతుందో ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన వారెవరినడిగినా చెబుతారు.

ఆ ఏడాది చివరిలోనే చిత్రదుర్గలో ఒక స్కూలు విద్యార్థినిపై దాడి చేశాడు. ఆ అమ్మాయి రాయితో కొట్టి తప్పించుకుంది. కొద్ది రోజులకే, డిసెంబరులో, మరో 16 ఏళ్ల బాలిక హత్యకు గురైంది. 1997 జనవరి 26న గణతంత్ర దినోత్సవ కవాతు జరుగుతుంటే, తప్పించుకున్న ఆ అమ్మాయి యూనిఫాంలో నడుస్తున్న పోలీసుల మధ్య అతన్ని గుర్తుపట్టింది. కంచే చేను మేసిందని మనం తరచూ అనుకునే మాటకు ఇంతకన్నా నిలువెత్తు రుజువు దొరకదు. అరెస్టయ్యాడు, ఉద్యోగం ఊడింది, కేసు పడింది. ఆ తర్వాత జైలుకు తరలిస్తుండగా పోలీసుల చేతుల్లోంచి తప్పించుకున్నాడు. అలా పారిపోవడం అతనికి అదొక్కసారే కాదు. బయట ఉన్నంతకాలం కర్ణాటకతో పాటు గుజరాత్, మహారాష్ట్రల్లోనూ నేరాలు చేశాడు.

ఉరిశిక్ష పడిన కేసు 1998 ఫిబ్రవరి 28 నాటిది. బెంగళూరు పీణ్యా ప్రాంతంలో భర్తను కోల్పోయి కొడుకుతో ఉంటున్న ఒక మహిళ ఇంట్లోకి చొరబడ్డాడు. అత్యాచారం చేసి చంపి, నగలు, విలువైన వస్తువులు సంచిలో వేసుకుని బయటికి వస్తుండగా ఆడుకోవడానికి వెళ్లిన కొడుకు తిరిగొచ్చాడు. ఆ పిల్లవాడికి ఏడేళ్లు. మీ అమ్మకు దయ్యం పట్టింది, అందుకే కట్టేశాను, డాక్టర్‌ను తీసుకొస్తానని చెప్పి వెళ్లిపోయాడు. లోపలికి వెళ్లిన బాబు కేకలు వేసి చుట్టుపక్కల వారిని పిలిచాడు. తర్వాత కోర్టులో అతన్ని చూపించి సాక్ష్యం చెప్పింది కూడా ఆ పిల్లవాడే. పోలీసుల దగ్గర 18 హత్యలు ఒప్పుకున్నాడని, తొమ్మిది కేసుల్లో శిక్ష పడిందని పత్రికలు రాశాయి. ఈ రెండు అంకెల మధ్య దూరం చూసి ఆశ్చర్యపడాల్సిన పని లేదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు, విడిగా ఆధారం కావాలి. ఆధారం పోగుచేయడం దగ్గర మన దర్యాప్తు ఎంత బలహీనమో చెప్పడానికి ఈ లెక్క చాలు. అతన్ని నిలబెట్టి వేలు చూపించినవాళ్లు మాత్రం ఇద్దరు పిల్లలు.

విచారణ కోర్టు 2006 అక్టోబరులో ఉరిశిక్ష వేసింది. హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు. ఒకరు ఉరి ఖాయం చేస్తే మరొకరు యావజ్జీవం చాలన్నారు. మూడో న్యాయమూర్తి 2009లో ఉరి వైపే మొగ్గారు. సుప్రీంకోర్టు 2011 ఫిబ్రవరిలో దాన్ని ఖరారు చేసింది. 2013 మేలో రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించారు. ఉరిశిక్ష కేసుల్లో రివ్యూ పిటిషన్లను, అంటే తీర్పును మళ్లీ పరిశీలించమనే దరఖాస్తులను, బహిరంగ విచారణలో వినాలని 2014లో వచ్చిన తీర్పుతో అతని రివ్యూ మళ్లీ విచారణకు వచ్చి, 2016లో మళ్లీ వీగిపోయింది. ఆ పిల్లవాడు ముప్పై దాటిన మనిషయ్యేదాకా కేసు అలా నడుస్తూనే ఉంది.

అసలు విషయం ఇక్కడుంది. ఉరిశిక్ష పడిన ఖైదీని అందరికీ దూరంగా ప్రత్యేక గదిలో ఉంచి రాత్రింబవళ్లు కాపలా కాయాలని 1894 నాటి జైళ్ల చట్టం, సెక్షన్ 30 చెబుతుంది. అయితే ఉరిశిక్ష పడిన ఖైదీ అంటే ఎవరు? 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. అప్పీళ్లు, క్షమాభిక్ష అన్నీ ముగిసి, ఉరి తీయడం తప్ప ఇంకేమీ మిగలనివాడే ఆ మాటకిందికి వస్తాడు. అప్పటిదాకా అతను మిగతా ఖైదీల్లాంటివాడే. శిక్షగా ఏకాంత నిర్బంధం వేసే అధికారం కోర్టుకే ఉంది. కోర్టు వేసినా మొత్తం మూడు నెలలు దాటకూడదు, ఒక్క విడతలో 14 రోజులు మించకూడదు. కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ ఈ హద్దు అలాగే ఉంది.

ఉమేష్ రెడ్డిని 2006 నుంచి 2016 దాకా, సుమారు పదేళ్లు, బెళగావి హిండలగా జైల్లో ఒంటరిగా ఉంచారు. అందులో 2013 వరకు గడిచిన కాలమంతా క్షమాభిక్ష తేలకముందుదే. దాని ప్రభావం అతని మానసిక స్థితి మీద కనిపించిందని కోర్టు గమనించింది. క్షమాభిక్ష మీద జరిగిన జాప్యాన్ని కారణంగా చూపితే ఆ వాదనను మాత్రం ఒప్పుకోలేదు. ఏకాంత నిర్బంధం ఒక్కటే ఉరిని తప్పించింది. కనీసం 30 ఏళ్లు నిజంగా జైల్లో గడిపాకే శిక్ష తగ్గింపు దరఖాస్తు చూడాలని, తగ్గింపు రాకపోతే జీవితాంతం లోపలే ఉండాలని తీర్పు చెప్పింది.

జైలు అధికారులకు 1978 నాటి తీర్పు తెలియదని నేను నమ్మను. తెలిసే చేశారనుకుంటాను, క్రూరత్వంతో అని కూడా కాదు. పలుమార్లు పారిపోయిన ఖైదీ అతను. బ్యారక్‌లో పెడితే మళ్లీ పారిపోవచ్చు, తోటి ఖైదీలు కొట్టవచ్చు, ఉరి వేసుకోవచ్చు. వీటిలో ఏది జరిగినా సస్పెండయ్యేది సూపరింటెండెంటే. ఒంటరి గదిలో పడేస్తే సంజాయిషీ అడిగేవాడే ఉండడు. పదేళ్ల పాటు ఎవరూ అడగలేదు కూడా. జైళ్లను తనిఖీ చేయాల్సిన జిల్లా జడ్జీలు ఉన్నారు, సందర్శకుల బోర్డులు ఉన్నాయి. నేరస్థుడికి మరణదండన పడాలని గట్టిగా కోరుకునేవాళ్లు కోపగించుకోవలసింది ఈ మౌనం మీద.

మనకూ ఇలాంటి కథ ఉంది. మహిళలను చంపిన కేసుల్లో 2011లో యావజ్జీవ శిక్ష పడిన మైన రాములును చికిత్స కోసం హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పంపారు. ఆ ఏడాది డిసెంబరులో అక్కడి నుంచి మరికొందరితో కలిసి పారిపోయాడు. 2013లో దొరికాడు, 2018లో విడుదలయ్యాడు. 2021 జనవరిలో మళ్లీ అరెస్టు చేసినప్పుడు, అప్పటిదాకా 16 హత్య కేసుల్లో పట్టుబడిన మనిషని నగర పోలీసులే చెప్పారు. విలేకరుల సమావేశంలో ఇంత పొడుగు చిట్టా చదివే వ్యవస్థ, 2018లో అప్పటికున్న చిట్టాను ముందు పెట్టుకుని అతని మీద నిఘా ఎందుకు పెట్టలేదో ఎవరూ వివరించలేదు.

ఇక 2025 నవంబరులో బెంగళూరు పరప్పన అగ్రహార జైలు నుంచి కొన్ని వీడియోలు బయటికొచ్చాయి. ఉమేష్ రెడ్డి చేతిలో మొబైల్ ఫోన్, గదిలో టీవీ. కర్ణాటక ప్రభుత్వం కొందరు జైలు అధికారుల మీద చర్య తీసుకుంది. బెళగావి హిండలగా జైల్లో చట్టం ఇవ్వని చీకటి, బెంగళూరులో చట్టం ఇవ్వని సౌకర్యం. రెండుచోట్లా ఖైదీ ఎలా ఉండాలో తేల్చింది జైలు సిబ్బందే. ఒకచోట భయం, మరోచోట బహుశా డబ్బు.

మరికొన్నేళ్లలో అతనికి జైల్లో 30 ఏళ్లు నిండుతాయి, శిక్ష తగ్గింపు దరఖాస్తు వస్తుంది. దాన్ని పరిశీలించే వారి ముందుకు జైలు ప్రవర్తన నివేదిక వెళ్తుంది. దాన్ని రాయాల్సింది ఇదే జైలు శాఖ. ఆ ఫోను ఎవరు ఇచ్చారో, ఎంత తీసుకుని ఇచ్చారో కూడా అందులో ఉండాలి. ఇచ్చినవాళ్ల పేర్లతో సహా.