ప్రజాప్రయోజనార్థం: శెట్టిగారి కొట్టు మూసేయండి

కిరాణా కొట్ల వల్ల సమాజానికి జరుగుతున్న నష్టం గురించి మేధావులెవరూ నోరు విప్పడం లేదు. వాళ్లకు మొహమాటం. నాకు అది లేదు కాబట్టి చెబుతున్నాను.

ముందు ప్రైవసీ సంగతి చూద్దాం. ఫోన్‌లో రెండు కిలోల బెల్లం ఆర్డర్ పెడితే సంచి గుమ్మం ముందుకొస్తుంది, ఎవరూ కిక్కురుమనరు. అదే బెల్లం మా సందు మొదట్లో ఉన్న శెట్టిగారి కొట్లో అడిగి చూడండి. (కులమేదైనా కిరాణా కొట్టు పెట్టుకున్నాయన మనకు శెట్టిగారే.) "రెండు కిలోలెందుకమ్మా? నాన్నగారికి షుగర్ మూడొందలు దాటిందని మొన్ననేగా అన్నారు?" అని అక్కడున్న నలుగురికీ వినబడేలా అడుగుతారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాని కాపీ శెట్టిగారికి ఇంకా అందినట్టు లేదు.

నిజానికి యాప్‌కీ అన్నీ తెలుసు. నాన్నగారి మందులూ తెలుసు, అర్ధరాత్రి తెప్పించుకున్న గులాబ్‌జామ్ డబ్బా కూడా తెలుసు. కానీ సంస్కారం ఉన్నది కనుక పల్లెత్తు మాట అనదు. తెల్లారేసరికి షుగర్ టెస్ట్ స్ట్రిప్పుల ప్రకటన ఒకటి చూపించి ఊరుకుంటుంది.

రెండోది వ్యాపార క్రమశిక్షణ. కొట్టు గోడ మీద 'ఈ రోజు రొక్కం, రేపు అరువు' అని బోర్డు ఉంటుంది. సరిగ్గా దాని కిందే ఖాతా పుస్తకం. తన బోర్డు మాట తనే విననివాడి చేతిలో ఆర్థిక వ్యవస్థను ఎలా పెడతాం? 2020 లాక్‌డౌన్‌లో జీతాలు ఆగిపోయిన ఇళ్లకు బియ్యం, పప్పు, నూనె ఆ పుస్తకంలోనే రాసి ఇచ్చారు. పాన్ కార్డు అడగలేదు, సిబిల్ స్కోరు చూడలేదు. ఇలాంటి బాధ్యతారాహిత్యం వల్లే దేశం వెనకబడిపోతోంది. యాప్‌లో 'పే లేటర్' ఉంది చూడండి, తేదీ దాటిన మరుక్షణం లేట్ ఫీజు పడుతుంది. పద్ధతంటే అదీ.

చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టే దురాచారం కూడా శెట్టిగారిదే. యాప్‌లో ఆ గొడవ లేదు. హ్యాండ్లింగ్ చార్జీ అంటారు, బుట్ట చిన్నదైతే దానికో చార్జీ, వాన పడితే వానకో చార్జీ. డబ్బులు పోతాయి గానీ చాక్లెట్ మాత్రం రాదు.

ఈ విప్లవంలో మన తెలుగువాళ్ల పాత్రను కూడా ఎవరూ గుర్తించడం లేదు. 2007లో ఫ్లిప్‌కార్ట్‌కు మొదటి ఆర్డర్ వచ్చింది మన మహబూబ్‌నగర్ నుంచే. ఒక పుస్తకం. దానికోసం ఆ కంపెనీ పెట్టిన కుర్రాళ్లు బెంగళూరులో పుస్తకాల షాపుల చుట్టూ తిరిగి, చివరికి ఒకచోట దొరికితే కొని పంపారు. అంటే ఆ మహావృక్షానికి మొదటి గోడౌను వీధిలో కొట్టేనన్నమాట. 2015లో అమెజాన్ కూడా చిన్న కొట్లవాళ్ల చేతే చుట్టుపక్కల పార్సెళ్లు పంచిపెట్టించే పథకం మొదలుపెట్టింది. ఇవి చదివి కొందరు వక్రార్థాలు తీస్తారు. వాళ్లకు నేను జవాబు చెప్పను.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది పెళ్లి విచారణ. సంబంధం కుదుర్చుకోబోయే ముందు అమ్మాయి తరఫు పెద్దమనిషి ఒకాయన కొట్టుకొస్తాడు. అవసరం లేకపోయినా ఒక వక్కపొడి ప్యాకెట్ కొని, "ఎదురు బిల్డింగులో మూడో అంతస్తు కుర్రాడు ఎలాంటివాడండీ?" అంటాడు. శెట్టిగారు కందిపప్పు తూస్తూనే "బంగారంలాంటి పిల్లాడండీ" అంటారు. లేదా ఏమీ అనకుండా కాటా వైపే చూస్తూ ఉండిపోతారు. సాక్ష్యం లేదు, సంతకం లేదు, ఆ ఒక్క చూపుతో సంబంధం కాస్తా హరీమంటుంది. ఇంత అధికారం జిల్లా జడ్జికి కూడా లేదు.

ఈ శాఖను యాప్‌లు వెంటనే స్వాధీనం చేసుకోవాలి. అబ్బాయికి 4.2 స్టార్లు. 'ఈ అబ్బాయిని చూసినవారు వీరిని కూడా చూశారు' అని కింద ఇంకో అయిదుగురు. ఓపెన్ బాక్స్ డెలివరీ ఎలాగూ ఉంది కనుక, కళ్యాణ మండపంలోనే విప్పి చూసుకుని ఓటీపీ చెప్పవచ్చు. ఏడు రోజుల్లో వాపసు కావాలంటే ట్యాగులు తీయకుండా ఉంచాలి.

చందాల శాఖ కూడా ఇవ్వాలి, కానీ అక్కడ చిన్న చిక్కు వచ్చింది. పోయిన వినాయక చవితికి మా నిజాంపేట కుర్రాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని బయల్దేరారు. "పోయినేడు లడ్డూ లెక్కే చెప్పలేదు మీరు" అని సణుగుతూనే శెట్టిగారు 1,116 ఇచ్చారు. కాలనీలో ఆయన దగ్గర సరుకులు కొనే ఇళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొనడం మానేసిన వాళ్లందరం మాత్రం మండపంలో ఆయనిచ్చిన పులిహోర ఆకు ఖాళీ చేసే లేచాం. తర్వాత కుర్రాళ్లు మెయిన్‌రోడ్డు మీది డార్క్ స్టోర్‌కి, అంటే యాప్ సరుకులు బయల్దేరే గోడౌనుకి, వెళ్లారు. అద్దాలకు స్టిక్కర్లు, సగం దించిన షట్టరు, బయట వరసగా బైకులు. లోపలినుంచి సూపర్‌వైజర్ వంగి చూసి, "అన్నా, చందా అంటే సిస్టంలో ఆప్షన్ లేదు. టికెట్ రైజ్ చేస్తా" అన్నాడు. నిమజ్జనం అయిన మూడో రోజున మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవలు ఎలా ఉన్నాయో రేటింగ్ ఇవ్వండి.

మనుషుల మధ్య బంధాలు తెగిపోతున్నాయని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఒక్కసారి మా అపార్ట్‌మెంటుకు రావాలి. ఒకప్పుడు పండక్కి వచ్చే చుట్టాలు తప్ప గుమ్మం తొక్కేవాళ్లు లేరు. ఇప్పుడు పొద్దున్న పాలకొకరు, మధ్యాహ్నం చార్జరుకొకరు, రాత్రి పెరుగుకొకరు. ప్రతి ఒక్కరితోనూ మాట్లాడుతున్నాం, నాలుగంకెలు చెబుతున్నాం. లిఫ్టు పక్కన 'డెలివరీ వాళ్లు వాడరాదు' అని బోర్డు పెట్టింది కూడా వాళ్ల ఆరోగ్యం కోరే. అయిదంతస్తులెక్కి రొప్పుతూ పెరుగు ప్యాకెట్ ఇచ్చినవాడికి, రెండు నిమిషాలు ఆలస్యమైనా పెద్ద మనసుతో ఒక్క స్టారే తగ్గిస్తాం.

కాబట్టి కొట్టు మూయించాలని మొన్న అసోసియేషన్ మీటింగులో నేనే ప్రతిపాదించాను. అందరూ తలలూపారు. తీర్మానం రాయబోతుంటే సెక్రటరీగారికి అనుమానం వచ్చి ఫోన్ తీశారు. మేమూ తీశాం. యాప్‌లో మా అందరి అడ్రసుల్లోనూ ల్యాండ్‌మార్క్ దగ్గర ఒకటే ఉంది: శెట్టిగారి కిరాణా ఎదురు సందు. మ్యాపు ఎప్పుడూ పక్క సందులోకే తీసుకెళ్తుంది, అక్కణ్ణుంచి కుర్రాళ్లను మా గేటుకు పంపేది ఆయనే. మనం ఇంట్లో లేకపోతే పార్సెల్ పెట్టించుకునేదీ ఆయన దగ్గరే.

చాలాసేపు చర్చించి తీర్మానాన్ని సవరించాం. కొట్టు మూసేయవచ్చు, బోర్డు మాత్రం ఉంచాలి. ఆయన కూడా సాయంత్రాలు బోర్డు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటే మరీ మంచిది. ఈ మాట చెప్పడానికి వెళ్తే శెట్టిగారు కళ్లజోడు పైకి తోసుకుని, "అలాగే కానీయండి సార్. ఆ కుర్చీకి అద్దె ఎవరిస్తారు?" అన్నారు.

ఆ అంశాన్ని వచ్చే నెల ఎజెండాలో పెట్టాం.